టైప్ 1 మధుమేహం ఉన్న పాపకు ఎస్‌జీపీటీ పెరిగింది: ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌తో సంబంధం ఉందా?

ఆదోని దగ్గరి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వారి పాపకు 11 ఏళ్లు. 4 ఏళ్లుగా టైప్ 1 మధుమేహం, రోజూ ఇన్సులిన్ వేస్తున్నారు. కొంతకాలంగా నీరసంగా ఉంటోందని రక్తపరీక్షలు చేయిస్తే, కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎంజైము ఎస్‌జీపీటీ 186 వచ్చింది. ఆరు వారాల తరువాత మళ్లీ చేయిస్తే 212. కామెర్లు లేవు. హెపటైటిస్ బి, సి పరీక్షలు నెగెటివ్. స్కానింగులో కాలేయం కొద్దిగా పెద్దదిగా ఉందన్నారు. ఒక వైద్యుడు షుగర్ వల్లనే ఇలా ఉందన్నారు, మరొకరు ఆటోఇమ్యూన్ హెపటైటిస్ కావచ్చు, పెద్ద ఆసుపత్రికి వెళ్లండి అన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు పసరు మందు ఇప్పిద్దామంటున్నారు. ఈ రెండు జబ్బులకూ సంబంధం ఉందా, తాను షుగర్ సరిగా చూసుకోలేదు కాబట్టే ఇలా అయిందా, స్టెరాయిడ్ మొదలుపెడితే షుగర్ గతి ఏమిటి, పాప తమ్ముడికి కూడా పరీక్షలు చేయించాలా అని ఆ తల్లి అడిగారు.

నేను కర్నూలులో పిల్లల వైద్యురాలిని. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలను ఏళ్ల తరబడి చూస్తున్నాను, వారిలో కాలేయ సమస్య వచ్చిన వారిని పిల్లల కాలేయ నిపుణులతో కలిసి చూసుకుంటున్నాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

అమ్మా, ముందుగా సూటిగా జవాబు. సంబంధం ఉంది, కానీ మీరు భయపడుతున్న రకంగా కాదు. షుగర్ పెరగడం వల్ల ఆటోఇమ్యూన్ హెపటైటిస్ రాదు. మీరు ఇన్సులిన్ ఒక పూట ఆలస్యంగా వేసినందుకో, పాప పెళ్లిలో లడ్డూ తిన్నందుకో ఈ జబ్బు పుట్టదు. రెండింటికీ మూలం ఒకటే: శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి సొంత కణాలపైనే దాడి చేసే స్వభావం. ఆ దాడి క్లోమంలోని ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలపై జరిగితే టైప్ 1 మధుమేహం, కాలేయ కణాలపై జరిగితే ఆటోఇమ్యూన్ హెపటైటిస్. అయితే టైప్ 1 పిల్లలందరిలో ఈ కాలేయ జబ్బు చాలా అరుదు, నూటికి ఒక్కరికి కూడా ఉండదు. ఎస్‌జీపీటీ పెరగడానికి ఇంతకంటే తరచుగా కనబడే కారణాలు వేరే ఉన్నాయి. కాబట్టి ఇదే జబ్బు అని ఇప్పుడే తీర్మానించకూడదు, షుగర్ వల్లేలే అని వదిలేయనూ కూడదు. ఆరు వారాల తేడాతో రెండుసార్లు ఎక్కువ వచ్చింది, రెండోసారి ఇంకా పెరిగింది. కనుక ఈ నెలలోనే కారణం తేల్చుకోవాలి.

మీరు పంపిన రిపోర్టులో ఎవరూ ప్రస్తావించని ఒక అంకె నా కంటపడింది. మొత్తం ప్రోటీను 8.9 గ్రాములు, అందులో ఆల్బుమిన్ 3.8 అని ఉంది. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది గ్లోబ్యులిన్, అంటే 5.1. సాధారణంగా అది 3.5 దాటదు. మన రక్తంలోని యాంటీబాడీలన్నీ ఈ గ్లోబ్యులిన్ భాగంలోనే ఉంటాయి. యువతుల్లో గ్లోబ్యులిన్ విపరీతంగా పెరిగి, దానితోపాటు కాలేయం దీర్ఘకాలంగా వాచి ఉండే ఒక జబ్బును 1950లో స్వీడన్ వైద్యుడు వాల్డెన్‌స్ట్రామ్ వర్ణించారు. ఈనాడు మనం ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అంటున్నది అదే. దీర్ఘకాలపు ఇన్‌ఫెక్షన్లలో కూడా, ముఖ్యంగా క్షయలో, గ్లోబ్యులిన్ పెరగవచ్చు కనుక ఈ ఒక్క అంకె పట్టుకుని రోగనిర్ధారణ చేయలేం. కానీ మిమ్మల్ని పెద్ద ఆసుపత్రికి వెళ్లమన్న ఆ వైద్యుడి మాటకు ఇది గట్టి బలం ఇస్తోంది. సాధారణ లివర్ పరీక్షలోనే దొరికే ఈ తీసివేతను రిపోర్టు చేతికి వచ్చిన ప్రతి తల్లీ తండ్రీ చేసి చూసుకోవచ్చు.

రెండు జబ్బులు ఒకే బిడ్డకు ఎందుకు వస్తాయి?

మన 6వ క్రోమోజోమ్‌పై హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల గుంపు ఉంది. ఏది మన కణం, ఏది బయటి నుంచి వచ్చింది అన్నది తెల్లరక్తకణాలకు చూపించే పని వాటిది. వాటిలో డీఆర్3 అనే రకం ఉన్నవారికి టైప్ 1 మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. అదే రకం ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లోనూ, ముఖ్యంగా యూరప్‌లో జరిగిన పరిశీలనల్లో, ఎక్కువగా కనిపించింది. థైరాయిడ్‌పై దాడి, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు, బొల్లి, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథి దెబ్బతినే అడిసన్ జబ్బు కూడా ఈ కుటుంబానివే. అందుకే ఒకటి వచ్చిన బిడ్డకు మరొకటి రావచ్చునన్న ఎరుక మాకు ఎప్పుడూ ఉండాలి.

ఇంకొక ఆసక్తికరమైన లంకె ఉంది. ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో ఏఎన్ఏ, ఎస్ఎంఏ అనే యాంటీబాడీలు కనిపిస్తాయి. రెండో రకంలో, అంటే ఎక్కువగా చిన్నపిల్లల్లోనే వచ్చే రకంలో, ఎల్‌కేఎం-1 అనే యాంటీబాడీ కనిపిస్తుంది. ఈ ఎల్‌కేఎం-1 గురిపెట్టేది కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైమును. ఆ ఎంజైములోని ఒక చిన్న భాగం క్లోమంలోని బీటా కణాల్లో ఉండే ఒక ప్రోటీనునూ, అడ్రినల్ గ్రంథిలోని ఒక ఎంజైమునూ పోలి ఉంటుందని లండన్‌లోని కింగ్స్ కాలేజ్ పరిశోధకులు 1990ల చివర్లో చూపించారు. ఒకే పోలిక ఉన్న ఇద్దరిలో ఒకరి కోసం వెతుకుతూ మరొకరిని పట్టుకున్నట్టు, కాలేయాన్ని గుర్తుపెట్టుకున్న యాంటీబాడీ క్లోమాన్ని కూడా గుర్తుపట్టగలదు. మధుమేహానికి ఇదొక్కటే కారణమని ఎవరూ అనడం లేదు. అయినా ఈ రెండు అవయవాలూ ఒకే బిడ్డలో దాడికి గురికావడం కేవలం యాదృచ్ఛికం కాదన్న సంగతి దీనివల్ల అర్థమవుతుంది.

ఆటోఇమ్యూన్ హెపటైటిస్ ఉన్న పిల్లలను తీసుకుంటే వారిలో సుమారు ఐదో వంతు మందికి మరొక ఆటోఇమ్యూన్ జబ్బు ఉంటుంది. అటువైపు నుంచి చూస్తే సంబంధం బలంగా కనిపిస్తుంది, మధుమేహం వైపు నుంచి చూస్తే అరుదుగా కనిపిస్తుంది. మీకు ఇద్దరు వైద్యులు వేర్వేరు మాటలు చెప్పడానికి ఇదీ ఒక కారణం అయి ఉండవచ్చు. ఆడపిల్లల్లో ఈ జబ్బు మగపిల్లల్లో కంటే సుమారు మూడింతలు ఎక్కువ.

మేనరికపు పెళ్లిళ్లు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఇంకొక మాట కూడా చెప్పాలి. తల్లిదండ్రులిద్దరి నుంచీ దెబ్బతిన్న ఏఐఆర్ఈ జన్యువు వచ్చిన పిల్లల్లో ఏపీఎస్-1 అనే అరుదైన జబ్బు వస్తుంది. నోట్లో తెల్లటి పూత పదే పదే రావడం, కాల్షియం పడిపోయి ఫిట్స్ రావడం, అడ్రినల్ గ్రంథి దెబ్బతినడం దాని ముఖ్య లక్షణాలు. వాటికి తోడు మధుమేహం, హెపటైటిస్ కూడా రావచ్చు. మీ పాపకు ఇవేవీ లేవని రాశారు కనుక ఇక్కడితో ఆపుతాను.

ఆటోఇమ్యూన్ హెపటైటిస్ కాకపోతే మరి ఏమై ఉండవచ్చు?

మీరు ఎక్కువ శ్రద్ధగా చదవవలసిన భాగం ఇది. టైప్ 1 పిల్లల్లో ఎస్‌జీపీటీ పెరిగినప్పుడు నేను మొదట అడిగేది షుగర్ మూడు నెలల సగటు, అంటే హెచ్‌బీఏ1సీ. షుగర్ చాలాకాలం విపరీతంగా ఉండి, దాన్ని దించడానికి మధ్యమధ్యలో ఎక్కువ ఇన్సులిన్ వేస్తూ ఉంటే, ఆ చక్కెరంతా గ్లైకోజన్ రూపంలో కాలేయంలో పేరుకుపోతుంది. కాలేయం ఉబ్బుతుంది, ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ వందల్లోకి వెళతాయి. బిడ్డ ఎదుగుదల కూడా ఆగిపోయి, రజస్వల కావడం ఆలస్యమై, పొట్ట ముందుకు వస్తే దాన్ని మోరియాక్ సిండ్రోమ్ అంటారు. ఫ్రెంచ్ వైద్యుడు పియరీ మోరియాక్ 1930లో దీన్ని మొదట వర్ణించారు. కొత్త ఇన్సులిన్లు వచ్చాక ధనిక దేశాల్లో ఇది బాగా తగ్గింది. ఇక్కడ మాత్రం నేను ఇప్పటికీ చూస్తున్నాను. అనంతపురం జిల్లా పల్లె నుంచి వచ్చిన ఒక బాబుకు కాలేయం బొడ్డుదాకా పెరిగి ఉంది, ఎస్‌జీపీటీ 400 దాటింది. వాళ్ల ఇంట్లో ఫ్రిజ్ లేదు, ఎండాకాలంలో ఇన్సులిన్ సీసాను రేకుల గదిలో బీరువా మీద పెట్టేవారు. ఆ వేడికి ఇన్సులిన్ శక్తి తగ్గిపోయి, ఎంత వేసినా షుగర్ దిగక, మోతాదు పెంచుకుంటూ పోయారు. తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో ఇన్సులిన్ ఉంచడం నేర్పించి, మోతాదులు సరిచేశాక, కొన్ని వారాల్లోనే కాలేయం లోపలికి వెళ్లింది, ఎంజైములు మామూలుకు వచ్చాయి. ఆ బాబుకు బయాప్సీ, అంటే కాలేయం ముక్క తీసి చేసే పరీక్ష, అవసరమే రాలేదు. ఈ గ్లైకోజన్ సమస్యలో గ్లోబ్యులిన్ పెరగదు, ఆల్బుమిన్ తగ్గదు, షుగర్ అదుపులోకి రాగానే అంతా సర్దుకుంటుంది. మీ పాప హెచ్‌బీఏ1సీ 8.1 అని రాశారు. ఇంకా తగ్గాలి, నిజమే, కానీ కాలేయంలో ఇంతగా గ్లైకోజన్ పేరుకునేంత చెడ్డది కాదు. స్కానింగులో గ్లైకోజన్‌కూ కొవ్వుకూ తేడా తెలియదు కాబట్టి ‘ఫ్యాటీ లివర్’ అని రాసి ఉన్నా అదే తుది మాట కాదు.

రెండోది సీలియాక్ జబ్బు. టైప్ 1 పిల్లల్లో ఇది ఆటోఇమ్యూన్ హెపటైటిస్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కడుపునొప్పి, విరేచనాలు లేకుండా, కేవలం రక్తహీనత, ఎదుగుదల లోపం, ఎస్‌జీపీటీ పెరగడం మాత్రమే కనిపించే పిల్లలున్నారు. మధుమేహం బయటపడినప్పుడు ఒకసారి, తరువాత 2 ఏళ్లకు, 5 ఏళ్లకు సీలియాక్‌ను పట్టిచ్చే టీటీజీ-ఐజీఏ రక్తపరీక్ష చేయాలన్నది అంతర్జాతీయ సూచన. మీ పాపకు ఒక్కసారి కూడా చేయలేదు కనుక ఇప్పుడు తప్పక చేయించండి, దానితోపాటు మొత్తం ఐజీఏ కూడా. ఒక జాగ్రత్త ఉంది: పరీక్ష పూర్తయ్యేదాకా చపాతీలు మాన్పించకండి, మానేస్తే రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. సీలియాక్ అని తేలితే గ్లూటెన్ మానిన కొన్ని నెలల్లో, ఎక్కువలో ఎక్కువ ఏడాదిలో, కాలేయం ఎంజైములు దిగివస్తాయి. ఈ విషయంలో మనం అదృష్టవంతులం: జొన్నరొట్టె, రాగిసంగటి, కొర్రన్నం, బొరుగుల ఉగ్గాని, వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. చిక్కు వచ్చేది పిండిమరలో. గోధుమలు ఆడించిన మరలోనే జొన్నలు ఆడిస్తే గోధుమపిండి కలుస్తుంది. బజారులో దొరికే ఇంగువలో కూడా చాలావాటిలో మైదా కలిపి ఉంటుంది. కడప నుంచి వచ్చే ఒక పాప ఇంట్లో అన్నీ మానేసినా టీటీజీ దిగకపోతే, చివరికి కారణం మరలో దొరికింది. వాళ్లమ్మ చిన్న మిక్సీ కొని ఇంట్లోనే జొన్నపిండి పట్టడం మొదలుపెట్టాక ఎస్‌జీపీటీ కూడా సర్దుకుంది.

మూడోది విల్సన్ జబ్బు, కాలేయంలో రాగి పేరుకునే వంశపారంపర్య సమస్య. మేనరికం ఉన్న కుటుంబాల్లో దీన్ని వదిలేయడానికి వీల్లేదు, ఎందుకంటే రక్తపరీక్షల్లో అది కొన్నిసార్లు అచ్చం ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లాగే కనిపిస్తుంది, కానీ వైద్యం పూర్తిగా వేరు. సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రోటీను), 24 గంటల మూత్రంలో రాగి, కంటి వైద్యుడి దగ్గర స్లిట్ ల్యాంప్‌తో కంటి పరీక్ష, ఈ మూడూ చేయించండి.

కలుషితమైన నీటివల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కూడా మన ఊళ్లలో ఉన్నాయి. కానీ వాటిలో ఎంజైములు కొన్ని వారాల్లో దిగిపోతూ ఉండాలి, ఆరు వారాల తరువాత ఇంకా పెరగకూడదు. థైరాయిడ్ మందగించినా ఎంజైములు కొద్దిగా పెరుగుతాయి. టీఎస్‌హెచ్ మీరు ఎలాగూ ఏటా చేయిస్తున్నారు కదా, ఈసారిది చూసుకోండి.

ఏ పరీక్షలు, ఏ వరుసలో?

పైన చెప్పిన వాటికి తోడు ఐజీజీ (గ్లోబ్యులిన్‌లోని ముఖ్యమైన యాంటీబాడీ), ఏఎన్ఏ, ఎస్ఎంఏ, ఎల్‌కేఎం-1, జీజీటీ (పిత్తనాళాల ఎంజైము), రక్తం గడ్డకట్టే వేగం చూపే ప్రోథ్రాంబిన్ టైమ్ లేదా ఐఎన్‌ఆర్. ఇవన్నీ కర్నూలులోనే రక్తం ఇచ్చి చేయించుకోవచ్చు, నమూనా హైదరాబాద్ వెళ్లి రిపోర్టు వస్తుంది. యాంటీబాడీ పరీక్షను ఇమ్యునోఫ్లోరెసెన్స్ పద్ధతిలో, టైటర్ (రక్తాన్ని ఎంత పలచన చేసినా యాంటీబాడీ కనబడుతుందన్న కొలత)తో సహా అడగండి. పెద్దవాళ్లలో 1:40 కంటే తక్కువను పట్టించుకోరు, కానీ పిల్లల్లో ఏఎన్ఏ, ఎస్ఎంఏ 1:20 ఉన్నా, ఎల్‌కేఎం 1:10 ఉన్నా అర్థం ఉంది. పెద్దల కొలత పెట్టుకున్న ల్యాబు దాన్ని ‘నెగెటివ్’ అని రాసి పంపుతుంది. మరోవైపు ఏఎన్ఏ ఒక్కటే కొద్దిగా పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, టైప్ 1 పిల్లల్లో అది ఊరికే కూడా ఉండవచ్చు. కొందరు పిల్లల్లో జబ్బు ఉన్నా ఐజీజీ మామూలుగానే ఉంటుంది. కాబట్టి ఏ ఒక్క పరీక్షా తీర్పు చెప్పదు, అన్నింటినీ కలిపి చదవాలి.

చివరికి తేల్చేది కాలేయం ముక్క తీసి చేసే పరీక్ష, అంటే బయాప్సీ. ఆ మాట వినగానే చాలామంది తల్లిదండ్రులు వెనక్కి వెళ్లిపోతారు, అది కోత అనుకుంటారు. కోత ఉండదు. మత్తు ఇచ్చి, స్కానింగులో చూస్తూ, సన్నని సూదితో దారంలాంటి ముక్క తీస్తారు. రక్తం గడ్డకట్టే శక్తి, ప్లేట్‌లెట్లు సరిగా ఉన్నాయని చూసుకున్నాకే చేస్తారు, ఆ రోజంతా బిడ్డను కనిపెట్టి చూస్తారు. రక్తస్రావం జరిగే ప్రమాదం కొద్దిగా ఉంది, లేదని చెప్పను. కానీ ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడాలా వద్దా అన్నది దానిమీదే ఆధారపడి ఉన్నప్పుడు, ఆ ముక్క లేకుండా మందు మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు. ప్రాణాపాయ స్థితిలో ఉన్న బిడ్డ విషయం వేరు. పిల్లల్లో ఈ జబ్బుతోపాటు పిత్తనాళాలు కూడా వాచే అవకాశం ఉంది కనుక ఎంఆర్‌సీపీ స్కాన్ కూడా చేయిస్తారు.

బయాప్సీ రోజు గురించి ఒక ముఖ్యమైన మాట. పరగడుపున ఉంచమంటారు. పరగడుపు కదా అని ఇన్సులిన్ పూర్తిగా ఆపేయకండి. టైప్ 1 బిడ్డకు దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ ఆగితే రక్తాన్ని ఆమ్లంగా మార్చే కీటోన్లు పెరుగుతాయి. ఉదయం మొదటి బిడ్డగా మీ పాపనే తీసుకోమని, గ్లూకోజ్ సెలైన్ పెట్టి గంటగంటకూ షుగర్ చూడమని ముందురోజే అడగండి. అక్కడి వాళ్లకు కాలేయం బాగా తెలుసు, కానీ మీ బిడ్డ షుగర్ మీకే బాగా తెలుసు.

ఎక్కడికి వెళ్లాలంటే, పిల్లల కాలేయ వైద్యులు ఉన్న చోటికి వెళ్లండి. మీకు హైదరాబాద్ గానీ బెంగళూరు గానీ వీలు. కడప వైపు వాళ్లు రాయవేలూరు వెళుతుంటారు. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టుకుని వెళ్లండి.

స్టెరాయిడ్ ఇస్తే షుగర్ ఏమవుతుంది?

ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అని తేలితే మొదటి మందు ప్రెడ్నిసలోన్. సాధారణంగా కిలో బరువుకు రోజుకు 2 మి.గ్రా., ఎంత బరువున్నా 60 మి.గ్రా. మించకుండా మొదలుపెట్టి, ఎంజైములు దిగేకొద్దీ వారం వారం తగ్గిస్తూ, 6 నుంచి 8 వారాల్లో రోజుకు 2.5 నుంచి 5 మి.గ్రా. స్థాయికి తెస్తారు. దానికి తోడుగా రోగనిరోధక దాడిని అణచే అజాథియోప్రిన్ చేరుస్తారు. షుగర్ పెరుగుతుంది, అందులో సందేహం లేదు. మొదటి వారాల్లో ఇన్సులిన్ సగం మేర, కొందరికి అంతకంటే ఎక్కువే పెంచవలసి వస్తుంది. కానీ షుగర్‌కు భయపడి స్టెరాయిడ్ మానడం, ఆలస్యం చేయడం, సగం మోతాదు ఇవ్వడం, ఈ మూడూ చేయకూడదు. పెరిగిన షుగర్‌కు మన చేతిలో ఇన్సులిన్ ఉంది. మందు పడక సిరోసిస్ దాకా, అంటే గట్టిపడి ముడుచుకుపోయే దాకా, వెళ్లిన కాలేయాన్ని వెనక్కి తేవడానికి అంత సులువైన మందు లేదు. ఈ జబ్బు బయటపడే నాటికే చాలామంది పిల్లల్లో కాలేయం గట్టిపడటం మొదలై ఉంటుంది. కామెర్లు లేకపోవడం, బిడ్డ బడికి వెళ్లి ఆడుకోవడం చూసి నెమ్మదిగా చూద్దాంలే అనుకుంటే నష్టపోతాం. ఇంకొక మోసం కూడా ఉంది: ఈ జబ్బులో ఎస్‌జీపీటీ మధ్యలో దానంతటదే దిగి, లోపల జబ్బు సాగుతూనే ఉండవచ్చు. ఈ మధ్యలో ఒకసారి నార్మల్ వచ్చిందని ప్రయాణం మానుకోకండి.

ఉదయం టిఫిన్ తరువాత వేసే ప్రెడ్నిసలోన్ వల్ల షుగర్ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పెరుగుతుంది, తెల్లవారేసరికి మళ్లీ దిగుతుంది. అందుకే పెంచవలసింది మధ్యాహ్నం, రాత్రి భోజనాల ముందు వేసే ఇన్సులిన్. పడుకునే ముందు 320 చూసి కంగారుపడి రాత్రి వేసే దీర్ఘకాలపు ఇన్సులిన్ బాగా పెంచేస్తే తెల్లవారుజామున లో-షుగర్ వస్తుంది. రోజుకు రెండుసార్లు వేసే మిక్చర్ ఇన్సులిన్‌తో ఈ సర్దుబాటు కష్టం కాబట్టి, ఆ పద్ధతిలో ఉన్నవారు స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందే భోజనానికో డోసు పద్ధతికి మారడం మేలు. స్టెరాయిడ్ తగ్గించిన ప్రతిసారీ ఇన్సులిన్ కూడా తగ్గించాలి. పెంచడం అందరూ గుర్తుపెట్టుకుంటారు, తగ్గించడం మరచిపోతారు. నేను చూసిన ప్రమాదకరమైన లో-షుగర్లు ఎక్కువగా ఆ వారాల్లోవే. మా దగ్గర రెండు జబ్బులూ ఉన్న ఒక పాప ఇంట్లో, గోడకు అంటించిన ఒకే కాగితంపై ఆ వారపు స్టెరాయిడ్ మోతాదు, దాని పక్కనే ఆ వారపు ఇన్సులిన్ మోతాదు రాసుకునేవారు. ఆ పద్ధతి నాకు బాగా నచ్చి ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

స్టెరాయిడ్‌ను ఒక్కరోజులో ఆపేయకూడదు, అడ్రినల్ గ్రంథి నిద్రపోయి ఉంటుంది కనుక ప్రాణం మీదికి వస్తుంది. మొదలుపెట్టే ముందు క్షయ లేదని చూసుకోవాలి. హెపటైటిస్ ఎ, బి టీకాలు పూర్తయ్యాయో లేదో చూసుకోవాలి. ఎక్కువ మోతాదులో ఉన్నంతకాలం తట్టు, ఆటలమ్మ వంటి సజీవ టీకాలు వేయకూడదు. అజాథియోప్రిన్ మొదట్లో తరచుగా రక్తకణాల లెక్క చూడాలి. మనవాళ్లలో ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఉన్నవారు చెప్పుకోదగినంతమంది ఉన్నారు, వారికి ఈ మందు తెల్లకణాలను ఒక్కసారిగా పడగొడుతుంది. ఆ పరీక్ష ముందే చేయించగలిగితే మంచిది.

మందు పడితే ఫలితం బాగుంటుంది. ఎక్కువమంది పిల్లల్లో మొదటి రెండు నెలల్లోనే ఎంజైములు బాగా దిగుతాయి, పూర్తిగా మామూలు కావడానికి ఇంకొన్ని నెలలు పడుతుంది. తక్కువలో తక్కువ రెండు మూడేళ్లు మందు వాడాలి, ఆపే ముందు మళ్లీ బయాప్సీ చేసి చూస్తారు. చాలామందికి చిన్న మోతాదు ఏళ్ల తరబడి కొనసాగుతుంది. నా అనుభవంలో అసలు పరీక్ష 14, 15 ఏళ్ల వయసులో వస్తుంది. ముఖం గుండ్రంగా ఉబ్బిందని, తోటి పిల్లలు ఏమైనా అన్నారని, ఇంట్లో చెప్పకుండా మాత్ర మానేసే అమ్మాయిలున్నారు. ఇన్సులిన్ కూడా మానేస్తారు. తిట్టకండి. ముఖం వాపు మోతాదు తగ్గేకొద్దీ పోతుందని ముందే చెప్పి, మాత్ర మీ కళ్లముందు వేసుకునేలా చూడండి.

పసరు మందు గురించి

వద్దు. ఇది పెద్దవాళ్లను కించపరచడానికి అంటున్న మాట కాదు. నీటి కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, ఆ సమయంలో పోసిన పసరుకు పేరు వస్తుంది, అందుకే ఆ నమ్మకం నిలిచింది. మీ పాప సమస్య దానంతటదే తగ్గే రకం కాకపోవచ్చు. పసరులో ఏ ఆకు ఎంత పడిందో పోసినవారికే తెలుసు, వాచి ఉన్న కాలేయం ఆ భారం మోయలేకపోవచ్చు. చేతికి వాత పెట్టించడం అసలే వద్దు, షుగర్ ఉన్న బిడ్డకు ఆ పుండు తొందరగా మానకపోవచ్చు. షుగర్ తగ్గుతుందని తిప్పతీగ కషాయం ఇచ్చే ఇళ్లు కూడా ఉన్నాయి. తిప్పతీగ వాడిన కొందరిలో ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను పోలిన కాలేయ వాపు వచ్చిందని ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. పాపకు ఇప్పటికే ఇలాంటిది ఏదైనా ఇచ్చి ఉంటే దాచకుండా వైద్యుడికి చెప్పండి. ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టకూడదు, రోగనిర్ధారణకు అది అవసరమైన సమాచారం.

అపాయింట్‌మెంట్ దొరికేలోగా కళ్లు పచ్చబడినా, మూత్రం టీ రంగులోకి మారినా, పొట్ట ఉబ్బినా, ముక్కునుంచి రక్తం ఆగకపోయినా, పగలు మత్తుగా పడుకుని రాత్రి మెలకువగా ఉంటున్నా, అదే రోజు ఆసుపత్రిలో చేర్చండి. పాప తికమకగా మాట్లాడితే ముందు గ్లూకోమీటరుతో షుగర్ చూడండి, తక్కువగా ఉంటే దాన్ని సరిచేసి, ఆ తరువాత కూడా తేరుకోకపోతే కాలేయం గురించి ఆలోచించాలి. ఏ కారణం లేకుండా ఇన్సులిన్ అవసరం తగ్గిపోతూ పదే పదే లో-షుగర్ వస్తుంటే సంతోషించకండి, వెంటనే చెప్పండి. కాలేయం చక్కెరను నిల్వ చేసుకోలేకపోతున్నా, అడ్రినల్ దెబ్బతిన్నా, సీలియాక్ ఉన్నా అలా జరుగుతుంది.

ఇక పాప తమ్ముడి సంగతి. అతనికి లివర్ పరీక్షలు అవసరం లేదు. ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువులకు ఆటోఇమ్యూన్ హెపటైటిస్ కోసం పరీక్షలు చేయమని ఎక్కడా సూచన లేదు. పాపకు విల్సన్ జబ్బు అని తేలితే మాత్రం లెక్క మారుతుంది, అప్పుడు అతనికి తప్పనిసరిగా చేయాలి. సీలియాక్ అని తేలితే అతనికి కూడా టీటీజీ చేయిస్తే మంచిది. మధుమేహం విషయంలో తోబుట్టువుకు వచ్చే అవకాశం ఇతర పిల్లల కంటే ఎక్కువ, అయినా నూటికి 5, 6 మందికి మించదు. అతను ఉన్నట్టుండి ఎక్కువ నీళ్లు తాగుతున్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టినా, బరువు తగ్గుతున్నా, ఇంట్లో ఉన్న గ్లూకోమీటరుతోనే ఆ పూటే షుగర్ చూడండి. 200 దాటితే తెల్లవారేదాకా ఆగకుండా తీసుకురండి.